విషం వేయని సీసా

1982 ఆగస్టు 9

మళ్ళీ చచ్చాయి.

విషం వేసిన సీసాల్లో కణాలు చచ్చాయంటే అర్థముంది. చావడానికే కదా వేసింది. వేయని సీసాల్లోవి కూడా చచ్చాయి, అదీ నా తలనొప్పి. నీలం రంగు ఒక చుక్క కలిపి మైక్రోస్కోపు కింద పెడితే, బతికున్న కణం ఆ రంగును లోపలికి రానివ్వదు. చచ్చినది పీల్చుకుంటుంది. ఇవాళ ఎటు చూసినా నీలమే.

బూజు పట్టిన వేరుశెనగలో పుట్టే విషం లివర్ కణాలను ఎలా చంపుతుందో చూపించాలి. నా రీసెర్చి అంతా ఇంతే. అది చూపించాలంటే, విషం లేనప్పుడు అవి హాయిగా బతుకుతాయని ముందు చూపించాలి. అక్కడే బండి కదలడం లేదు.

గుడ్లు మాత్రం మంచివే వచ్చాయి. పొదిగిన గుడ్డు పగలగొట్టి, లోపలి పిల్ల లివర్ తీసి, దాన్ని కణాలుగా విడదీసి పెంచుతాను. మా డిపార్టుమెంటు అటెండరు సుభాన్ బాషా చిత్తూరు హేచరీ నుంచి గంప ఒళ్ళో పెట్టుకుని బస్సులో తెస్తాడు.

"పక్కన కూసున్న ముసలామె ఒకటే తిట్లు మేడమ్. పొదిగిన గుడ్లు పగలగొడతారా, పాపం తగుల్తాది అనింది. నాకు కాదులేమ్మా, మా మేడమ్‌కు తగుల్తాది అని చెప్పి నిమ్మళంగా కూసున్నా," అన్నాడు.

ఇంటికొచ్చి పెరట్లో కొళాయి కింద తలమీదుగా నీళ్ళు పోసుకున్నాకే లోపలికి. అమ్మ పొడి చీర గోడమీద వేసి ఉంచుతుంది. ఈ ఇంట్లో కోడిగుడ్డు అన్న మాట పలకరు. "ఈ పొద్దు ఆ తెల్లవి వచ్చినాయా?" అని అడుగుతుంది, నేనేదో సుద్దముక్కల వ్యాపారం చేస్తున్నట్టు.

నాయన కాళ్ళ వాపు అలాగే ఉంది. మజ్జిగన్నం రెండు ముద్దలు తిన్నాడు. ఆయుర్వేదం అంగడి ద్రాక్షాసవం తాగి పడుకున్నాడు. పోనీలే, అదన్నా ఇష్టంగా దిగుతోంది.

ఆగస్టు 14

సుదర్శనం చిన్నాన్న వచ్చి వెళ్ళాడు. నాయనకు పినతండ్రి కొడుకు, మా వీధి మఠానికి మేనేజరు. జూన్‌లో నాయనను వేలూరు తీసుకెళ్ళినప్పుడు తోడు వచ్చింది ఆయనే. ఆ రోజు ఆయనకు జ్వరమన్నా వచ్చి ఉంటే ఎంత బాగుండేది.

వేలూరులో పెద్ద డాక్టరు నాయన పొట్ట నొక్కి చూసి, లివర్ గట్టిపడిపోయిందని, ఇది ఎక్కువగా తాగేవాళ్ళకు వస్తుందని చెప్పి, "అలవాటుందా?" అని అడిగాడు. నాయన చెవులు మూసుకుని "గోవిందా, గోవిందా" అన్నాడు. డాక్టరు నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వును చిన్నాన్న భద్రంగా తిరుపతి దాకా మోసుకొచ్చాడు.

మఠంలో గోష్ఠిగా అందరూ నిలబడి ఆళ్వార్ల పాశురాలు అందుకుంటే ముందు వినబడేది నాయన గొంతే. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ముందు వరసలో ఆయన స్థానం ఆయనదే. ఆషాఢంలో పెద్దలు పిలిచి, "ఒళ్ళు కుదుటపడేదాకా ఇంట్లోనే ఉండండి సామీ" అన్నారు. ఒళ్ళు సంగతి కాదని వీధివీధంతా తెలుసు. శ్రీమన్నారాయణ సామి చాటుగా తాగుతాడట. ఉల్లిపాయ కూడా తినని మా నాయన.

"ధనుర్మాసానికి సూస్తాంలే అన్నా," అన్నాడు చిన్నాన్న.

"సూసేదేముందప్పా. వైకుంఠ ఏకాదశి పొద్దు నన్ను ముందర నిలబడనీండి. ఆ పైన పిలవాకండి, నేను అడగను," అన్నాడు నాయన. గట్టిగా అనబోయాడు. గొంతు రాలేదు.

చిన్నాన్న నా వైపు తిరిగాడు. "నేనేమన్నా గిట్టక చెప్తా ఉండానామ్మా? డాక్టరే అడిగినాడు గదా. పెద్దలు అదే పట్టుకోని కూసున్నారు."

నాకు ఒళ్ళు మండింది. "శెనక్కాయల బూజుకు గూడా లివరు అట్లయిపోతాది చిన్నాన్నా. నేను చేస్తా ఉండే పనే అది," అన్నాను.

"అయితే రుజువు సూపించు. ఎవురొద్దన్నారు?"

చూపిస్తాను. ఏకాదశిలోగా చూపిస్తాను.

ఆగస్టు 15

జెండా పండగ, సెలవు. కణాలకు సెలవు లేదు కదా అని వెళ్ళి చూశాను. నీలం.

సెప్టెంబరు 3

ఇవాళ కాస్త ప్రాణం లేచొచ్చింది.

ఏర్పేడు దగ్గర మా చేను మునిరామయ్య గుత్తకు చేస్తాడు. మంచి కాయలు మండీకి పోతాయి, వానకు తడిసినవి మా ఇంటికి వస్తాయి. ఏటా ఇదే వరస. అమ్మ వాటిని మిద్దెమీద ఎండబెట్టి, వేయించి, పొడి కొడుతుంది, పచ్చడి నూరుతుంది. సాయంత్రమైతే నాయనకు గుప్పెడు పప్పులు, బెల్లంముక్క. ఆ బస్తాలోంచి కొన్ని తీసుకెళ్ళి ల్యాబులో విషం దిగుతుందేమో చూశాను. పలక మీద చుక్క పెట్టి అల్ట్రావయొలెట్ ఊదా దీపం కింద పెట్టగానే నీలంగా మెరిసింది, ఈ విషానికి గుర్తు అదే. మా గదిలో పెంచే బూజు కూడా అంత బాగా మెరవదు.

సంతోషంతో సుభాన్ బాషాను కేకేసి మరీ చూపించాను. "బాగుండాది మేడమ్, టపాకాయ మాదిరి," అన్నాడు. ఇది మా ఇంట్లో తిన్నదని ఆయనకు చెప్పలేదు.

అమ్మకు చెప్పాల్సి వచ్చింది, బస్తా పారేయాలి కనుక.

"బూజు కడిగి ఎండబెట్టినా గదే. ఏంచినా గదా."

"ఏంచితే పోదమ్మా అది."

అమ్మ చాటలోని పప్పుల్లో చెయ్యి పెట్టి అలాగే కూర్చుంది. "అయితే నేనే పెట్టినానా?" అంది.

"నువ్వు కాదమ్మా, బూజు," అన్నాను. ఆ మాట ఎంత తేలిగ్గా అన్నానో.

బస్తా పెంటకుప్పలో పూడ్పించాను. నాయన సాయంత్రం పప్పుల కోసం చెయ్యి చాపి, వెనక్కి తీసుకున్నాడు. బదులుగా అమ్మ ద్రాక్షాసవం ఇచ్చింది.

సెప్టెంబరు 21

బాలసుబ్రమణ్యం సారు దగ్గర చీవాట్లు. గైడుగా ఆయన మంచివాడే, కానీ తప్పు దొరికితే మాత్రం ఆయన మొహం వెలిగిపోతుంది.

విషం నీళ్ళలో కరగదు. ఆల్కహాల్‌లో కరిగించి కణాలకు వేస్తాను. విషం వేయని సీసాలకు కూడా అంతే ఆల్కహాల్ ఒట్టిగా పోస్తాను, రెండూ సమానంగా ఉండాలని. ఎంత పోస్తున్నావన్నాడు. చెప్పాను. కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టాడు.

"అమ్మా కుముదవల్లీ, నువ్వు విషానికి ముందే వాటికి తాగించి చంపేస్తా ఉండావు."

"రవంత ఆల్కహాల్ ఏం చేస్తాది సార్?"

"ఏం చేస్తాదో అదే కదమ్మా ఇన్నాళ్ళూ నీకు కనపడేది! ఇదో ఇట్ల చెయ్యి. ఒక వరస సీసాల్లో ఏమీ వెయ్యొద్దు. నడిమి వరసలో ఒట్టి ఆల్కహాల్. మూడో వరసలో ఆల్కహాలూ విషమూ. నీ మాట రేపు ఎవరన్నా నమ్మాలంటే నడిమి వరస చూసి నమ్మాల. అది రాయకుండా విషమే చంపిందని చెప్తే, నిజం చెప్పినా అబద్ధమే."

ఆయనకు ప్రతిదీ పాఠం చెయ్యాలని సరదా. సరే సార్ అని వచ్చేశాను.

సెప్టెంబరు 22

నాయన రాత్రి ద్రాక్షాసవం ఇంకో గ్లాసు అడిగి తాగాడట. నీరసానికి మంచిదేనని ఆయుర్వేదం అంగడి వెంకటముని చెప్పాడట. నిద్రన్నా పట్టింది.

అక్టోబరు 8

సారు చెప్పిందే నిజం. ఏమీ వేయని సీసాల్లో కణాలు గాజుకు అతుక్కుని, పక్కపక్కన సర్దుకుని, చూడముచ్చటగా ఉన్నాయి. ఇన్నాళ్ళుగా నేను పోసినంత ఆల్కహాల్ పోసిన సీసాల్లో గుండ్రంగా ముడుచుకుని, ఊడి, తేలుతున్నాయి. విషం లేదు, బూజు లేదు. ఒట్టి ఆల్కహాలే.

రెండేళ్ళ పని పెంటకుప్పలోకి. కోపం కూడా రాలేదు, అంత అలసటగా ఉంది. ఆల్కహాల్ బాగా తగ్గించి మళ్ళీ మొదలు పెట్టాలి.

అక్టోబరు 9

నాయనకు ద్రాక్షాసవం గ్లాసు అందించబోతే వాసన తగిలింది. పొద్దంతా ల్యాబులో పీల్చిన వాసనే ముక్కులో ఉండిపోయి ఉంటుంది. ద్రాక్షపండ్లు, బెల్లం, ఏవో పూలు, ఇంతే కదా అందులో. కుండలో పోసి మూతపెట్టి పులియబెడతారు.

సీసా మీద అంటించిన చీటీలో చిన్న అక్షరాలున్నాయి. పులియడం వల్ల దానంతటదే పుట్టిన ఆల్కహాల్ ఉంటుందని ఇంగ్లీషులో. నేను బళ్ళో చదివేటప్పటి నుంచీ ఆ చీటీ ఆ గూట్లో ఉంది.

మందులో ఏవేవో ఉంటాయి. ఉన్నా ఎంతని ఉంటుంది.

అక్టోబరు 10

చిన్న సీసాలో ద్రాక్షాసవం కాస్త పోసి సంచిలో పెట్టుకెళ్ళాను. బయటికి తీయలేదు. పనుంది.

అక్టోబరు 11

తీయలేదు.

అక్టోబరు 13

కరెంటు లేదు. (ఆ పరీక్షకు కరెంటు అక్కర్లేదు.)

అక్టోబరు 19

చేశాను.

ద్రాక్షాసవాన్ని వేడిచేసి ఆవిరిని నీళ్ళగా పట్టి, నారింజ రంగు రసాయనంలో వేశాను. బీయస్సీ పిల్లలు చేసే పరీక్ష. ఆల్కహాల్ ఉంటే ఆకుపచ్చగా మారుతుంది. కాస్తుంటే కాస్త మారుతుంది. నేను చూస్తుండగానే గరికంత పచ్చగా అయింది. మళ్ళీ చేశాను. మళ్ళీ పచ్చనే. ఇంకోసారి చేయబోతుంటే సుభాన్ బాషా వచ్చి, "ఏంది మేడమ్ అది?" అన్నాడు. "మందు" అన్నాను. 

అక్టోబరు 20

అమ్మను పెరట్లోకి పిలిచి చెప్పాను. ముందు అర్థం కాలేదు. తర్వాత నమ్మలేదు.

"అది మందే గదే! సారాయి అంగడి ఏ వీధిలో ఉండాదో గూడా మీ నాయనకు తెల్దు."

"తెలియకపోతే ఏమమ్మా. లివరుకు ఆ అంగడీ ఈ అంగడీ ఒకటే."

"మొదట్లో అన్నం అరగలేదంటే చెంచాతో ఇచ్చేదాన్ని. అది పనిచెయ్యలేదని గిన్నెతో ఇచ్చినా. ఆ పైన ఆయనే పోసుకునేవాడు. రెండు దినాలకు ఒక సీసా అయిపొయ్యేది. వేలూరి నుంచి వచ్చినాక..." ఆగిపోయింది. "వేలూరి నుంచి వచ్చినాక, మనిషి కరిగిపోతా ఉండాడే, బలం పడతాదని నేనే జాస్తి చేసినా. నేనే బతిమాలి తాగించినానే కుముదా."

ఈసారి "నువ్వు కాదమ్మా" అనడానికి నోరు రాలేదు. అనాల్సింది. అమ్మ కొళాయి దగ్గర కూర్చుని ఏడ్చింది. నేను నిలబడి చూశాను.

గూట్లో సీసాలన్నీ అమ్మే పారబోసింది.

అక్టోబరు 24

నాయనకు చేతులు వణుకుతున్నాయి. చెంచా నోటిదాకా పోవడం లేదు. నిద్ర లేదు. గోడమీద చీమలు పాకుతున్నాయంటాడు. చీమలు లేవు.

డాక్టరును ఇంటికి పిలిపించి ఉన్నదంతా చెప్పాను. ఆయన నవ్వలేదు, ఉన్నట్టుండి మానేస్తే ఇలాగే ఉంటుందన్నాడు. మాత్రలు రాసిచ్చి, వాకిలి దగ్గర నాతో, "పూర్తిగా మానేస్తే ఏడాదో రెండేళ్ళో ఉంటారు. ఇంక ఒక్క చుక్క లోపలికి పోయినా ఈ లివర్ తట్టుకోదు. ఇప్పుడే అంచున ఉండాది. మీరే చూసుకోవాల," అన్నాడు.

చూసుకుంటాం.

నవంబరు 5

వాన. బట్టలు ఆరవు. ల్యాబులో బూజు నేను పెంచకుండానే పెరుగుతోంది, అట్టపెట్టెల మీద, నా చెప్పుల మీద. నాయన ఇవాళ చెంచా తనే పట్టుకున్నాడు.

నవంబరు 12

నాయన మంచం దగ్గర కూర్చుని ఉంటే తనంతట తనే అన్నాడు.

"గూడు కాళీగా ఉండాదే."

"అది మందు కాదు నాయనా. దాంట్లో ఆల్కహాలుండాది. నీకు తెలీక..."

"తెల్సు."

వినబడనట్టు దుప్పటి సర్దాను.

"తెల్సమ్మా. నేనేం పసిబిడ్డనా? తాగినాక తల ఎట్లుంటాదో తెలీదా? మొదట్లో తెలీదు. తర్వాత తెల్సింది. మందు అని సీసా మీద రాసుండాది గదా, దాన్ని పట్టుకోని నడిపించుకుంటా వచ్చినా." కాసేపు ఆయాసపడి మళ్ళీ అన్నాడు. "అది లోపలికి పోకుంటే గొంతు లేసేది కాదు. నలభై దాటినాక నా గొంతు పోయిందమ్మా. ఎవురికీ తెలీదు. గోష్ఠికి పొయ్యేముందు ఒక గ్లాసు తాగితే, యాడి నుంచో వచ్చేది, తగ్గకుండా, పగలకుండా. పెరుమాళ్ళ ముందర చెప్పినదంతా దాని పున్నెమే."

నాకు గుర్తున్న ఆ గొంతంతా... నేను చిన్నప్పుడు స్తంభానికి ఆనుకుని విన్నదంతా.

వేలూరు డాక్టరు అడిగితే చెవులెందుకు మూసుకున్నావని అడగబోయాను. ఆయన కళ్ళు మూసుకున్నాడు. నాకు కోపం వచ్చింది, నిజంగా పట్టుకుని ఊపేయాలన్నంత కోపం. దాని వెనకే జాలి వచ్చింది. రెండూ ఇంకా పోలేదు.

నవంబరు 13

కానీ వేరుశెనగ కూడా తిన్నాడు కదా. ఏటా తిన్నాడు. అది అబద్ధం కాదు.

నవంబరు 29

ఎట్టకేలకు. ఆల్కహాల్ బొట్టంత చేశాక నడిమి వరస సీసాల్లో కణాలు ఏమీ వేయని వాటిలాగే బతికాయి. మూడో వరసలో విషం తన పని తాను చేసింది. ముందు కణం లోపల గుల్లలు గుల్లలుగా అయింది, తర్వాత ముడుచుకుంది, తర్వాత గాజును వదిలేసింది. విషం ఎక్కువైతే ఎక్కువ చావులు, తక్కువైతే తక్కువ. మూడుసార్లు చేసినా అదే వచ్చింది.

సారు చాలాసేపు మైక్రోస్కోపులో చూసి, "ఇప్పుడు రాసుకో," అన్నాడు. ఆయన మెచ్చుకోవడం అంటే అంతే. ఆల్కహాల్ ఎక్కువ పోసినప్పటి పాత లెక్కలు కూడా దాచకుండా పట్టికలో పెట్టమన్నాడు. పెట్టాను.

మా నాయన లివర్ ఏ వరసలోదని ఆయన్ని అడగాలనిపించింది. మూడోదే కావచ్చు, రెండూ కలిసి. ఏది ఎంతో ఇప్పుడు ఏ దీపం కింద పెట్టినా తెలియదు.

డిసెంబరు 11

సుదర్శనం చిన్నాన్న వచ్చాడు. ఈసారి మొహంలో వెటకారం లేదు. గోష్ఠి గొంతు లేక చప్పగా ఉందట, ఏకాదశికి ఊరి జనమంతా వస్తారట, పెద్దలు కూడా మెత్తబడ్డారట.

"నువ్వొచ్చి ఒక మాట చెప్పమ్మా. సైన్సు చదివినదానివి. ఫలానా దానివల్ల ఇట్లయింది, వేరే ఏమీ లేదు అని నువ్వు చెప్తే సాలు. ఇంకెవుడన్నా నోరెత్తితే నేను సూసుకుంటా."

"ఈ ఒంటితో నిలబడగలడా చిన్నాన్నా?"

నాయన లోపలి నుంచి విన్నాడు. "నిలబడతా," అన్నాడు.

చిన్నాన్న వెళ్ళాక నాయన నన్ను ఏమీ అడగలేదు. చెప్పమనీ అనలేదు, వద్దనీ అనలేదు. నా వైపు చూస్తూ ఉండిపోయాడు. అడిగి ఉంటే కాదనేదాన్నేమో.

డిసెంబరు 14

మఠంలో చెప్పాను.

పెద్దలు నలుగురు చాపమీద కూర్చున్నారు. నేను స్తంభం పక్కన నిలబడ్డాను. తడిసిన వేరుశెనగకు బూజు పడుతుంది, ఆ బూజులో విషం పుడుతుంది, కడిగినా వేయించినా పోదు, మా ఇంట్లో ఏటా అవే తిన్నాం, ఆ కాయల్లో విషం ఉందని నేనే పరీక్ష చేసి చూశాను, ఆ విషం లివర్ కణాలను చంపడం నా కళ్ళతో చూశాను. క్లాసులో చెప్పినంత శుభ్రంగా చెప్పాను.

ఒక పెద్దాయన, "అంటే, తాగినా తాగకున్నా దీంతో వస్తాదా అమ్మా?" అన్నాడు.

"వస్తుంది," అన్నాను.

"అదీ సంగతి," అన్నాడు చిన్నాన్న, అందరి మొహాలూ చూస్తూ. ఇంకేమన్నా అడుగుతారేమోనని నిలబడ్డాను. అడగలేదు. తీర్థం ఇచ్చి పంపారు.

డిసెంబరు 15

చెప్పినవన్నీ నిజాలే. ఒక్కొక్కటీ మళ్ళీ తలచుకుని చూశాను. అన్నీ నిజాలే.

డిసెంబరు 26, ఏకాదశి

నాయనను చిన్నాన్నా, ఇంకో ఆయనా చెరొక పక్క పట్టుకుని తీసుకెళ్ళారు. పంచె పొట్టమీద నిలవకపోతే అమ్మ నడుముకు తుండు బిగించి కట్టింది. నేను ఆడవాళ్ళ వైపు నిలబడ్డాను. వారం రోజులుగా ఇంట్లో నాయన మాట్లాడితే గుసగుసలాగా వస్తోంది. ముందు వరసలో నిలబెట్టి ఆయన పెదవులు కదుపుతుంటే పక్కవాళ్ళు అందుకుంటారు, అంతే కదా, ఆశ తీరుతుంది అనుకున్నాను.

గొంతు లేచింది.

మొదటి పదానికే లేచింది. తగ్గలేదు, పగల్లేదు. నిండు వయసులో ఎలా ఉండేదో అలాగే మంటపమంతా నిండింది. నా పక్కనున్న ముసలావిడ చెంపలు వేసుకుంది. పెద్దలు నలుగురిలో ఒకాయన పైపంచెతో కళ్ళు ఒత్తుకున్నాడు. అమ్మ కోసం చూశాను. అమ్మ నేల చూస్తోంది.

అయ్యాక చిన్నాన్న ఏడుస్తూ వచ్చాడు. "వదినా, ఆ గొంతు విన్నావా! ఆ గొంతును పట్టుకోని తాగుబోతంటారా ఎవురన్నా? నోట్లో పురుగులు పడవా?" 

ఇంటికి రాగానే వంటింట్లో అమ్మ చెయ్యి పట్టుకున్నాను.

"అన్నీ పారబోస్తివి కదా?"

"ఒక సీసా ఉంచినా." చెయ్యి విడిపించుకోలేదు. "ఒక్క పొద్దుకేనే. మూడు దినాలుగా అడుగుతా ఉండాడు. పిలిచి పీట వేసినాక గొంతు రాకుంటే ఆయన అక్కడే పొయ్యేవాడు. ఒక్క పొద్దుకే."

డాక్టరు చెప్పింది గుర్తు చేద్దామనుకున్నాను. అమ్మకు గుర్తు లేక కాదు. నాయన మంచం మీద కళ్ళు మూసుకుని నవ్వుతున్నాడు. ఆషాఢం నుంచి ఆ మొహంలో నవ్వు చూడలేదు.

డిసెంబరు 27

చిన్నాన్న పొద్దున్నే వచ్చాడు. ఏకాదశితో మొదలైన పదినాళ్ళ ఉత్సవం ముగిసేదాకా దినమూ శ్రీమన్నారాయణ సామే ముందు నిలబడాలని పెద్దల మాట. "మంచంతో మోసుకోని పోవాల్సొచ్చినా సరే వదినా. నిన్న విన్నోళ్ళు వేరే గొంతు వింటారా ఇంక?" అన్నాడు. అమ్మ తల ఊపింది.

నాయన వాంతి చేసుకున్నాడు. కళ్ళు పసుపు. మాట్లాడబోతే గాలి తప్ప ఏమీ రాలేదు. చిన్నాన్న వెళ్ళాక అమ్మను చూశాడు. అమ్మ గూడు చూసింది. గూట్లో ఏమీ లేదు.

"యాడికీ పోవద్దు నాయనా," అన్నాను. "వద్దు. పండుకో. ఒంట్లో బాగలేదని నేను చెప్పొస్తా." 

ఆయన నా చెయ్యి తీసుకుని తన గొంతుమీద పెట్టుకున్నాడు. చిన్నపిల్లాడిలా. అక్కడ నాడి కొట్టుకోవడం తెలుస్తోంది. నేను ఎన్ని చెప్పాలో అన్నీ చెప్పాను, లివర్ ఏమవుతుందో, ఎన్నాళ్ళుంటుందో. విన్నాడు. చెయ్యి వదల్లేదు.

"ఉండేది ఎట్లాగూ లేదు గదమ్మా," అన్నాడు గుసగుసగా.

ఉంటాడేమో. మాత్రలు వేసుకుంటూ, ఉప్పు మానేసి, ఈ మంచం మీద ఇంకో ఏడాది, రెండేళ్ళు ఉండొచ్చు. డాక్టరు అలాగే అన్నాడు. నేను అలాగే చెప్పాను. ఆయనకు ఆ రెండేళ్ళు వద్దు, ఈ కొన్ని పొద్దులు కావాలి.

అమ్మ చెప్పులు వేసుకోబోయింది. అంగడికని తెలుస్తూనే ఉంది. ఆమె ఇచ్చిందనే మాట ఆమెకు మిగలకూడదు అనుకున్నాను. అలా అనుకున్నాననే రాసుకుంటున్నాను.

సంచి తీసుకుని వెంకటముని అంగడికి నేనే వెళ్ళాను.

"సామి గొంతు నిన్న మా వీధి దాకా వినపడిందమ్మా," అన్నాడు వెంకటముని, సీసా తుడుస్తూ. "ఎన్ని ఇమ్మంటావు?"

ఉత్సవం ఎన్నాళ్ళో లెక్కవేసి చెప్పాను.